ర్యాలి విగ్రహం, రాజమండ్రి సంబంధం

మగవాడు మగవాణ్ణి ప్రేమించడం, ఆడమనిషి ఆడమనిషిని ప్రేమించడం గురించి గోదావరి జిల్లాల్లో మాట వస్తే రెండు వాదనలు తప్పకుండా వినబడతాయి. ఇలాంటివి మన దగ్గర ఎప్పుడూ ఉన్నాయి, ఎవరూ రచ్చ చేసుకోలేదు, రచ్చ పడమటి దేశాల నుంచి వచ్చిందన్నది ఒకటి. రచ్చ లేకపోవడానికి కారణం ఎవరో నోరు మూసుకుని ఏడవడమేనన్నది రెండోది. ఈ రెంటినీ ఇక్కడ ఒక మేనమామకూ మేనకోడలికీ పంచాను. ఆయన రాజమండ్రిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. చుట్టాల్లో పెళ్లి సంబంధం ఏది వచ్చినా ఆయన చెవిన పడాల్సిందే. ఆమె కాకినాడలో హెచ్ఐవీ కౌన్సెలర్‌గా చాలాకాలం పనిచేసిన మనిషి. ఇద్దరూ నా కల్పనే. వాదనలు మాత్రం కల్పించినవి కావు.

మాటలు మొదలైంది ఒక సంబంధం దగ్గర. కుర్రాడికి ముప్పై దాటాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం. నాకు ఆడపిల్లల మీద మనసు పోదు, పెళ్లి వద్దు అని తండ్రితో చెప్పేశాడు. తండ్రి వణుకుతూ మాస్టారి దగ్గరికొచ్చాడు. భీమవరం వైపు నుంచి మంచి సంబంధం ఒకటి సిద్ధంగా ఉంది.

మావయ్య: పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి, చూపులు ఆపకండి అని చెప్పి పంపాను. నువ్వు మొహం అలా పెట్టకమ్మా. వాణ్ణి నేను తిట్టలేదు, వెలెయ్యమనలేదు. వాడి మనసులో ఏముందో వాడికీ దేవుడికీ తెలుసు. ఇల్లు మాత్రం నిలబడాలి. మన వాళ్లు వందల ఏళ్లుగా చేసింది అదే.

మేనకోడలు: సర్దుకోవడం ఎవరికి మావయ్యా? కుర్రాడికా, భీమవరం అమ్మాయికా?

మావయ్య: ఇద్దరికీ. నువ్వు చదివిన పుస్తకాల్లో మనిషిని ఒక గదిలో పెట్టి తలుపు మీద పేరు రాస్తారు. మన దగ్గర అలా రాయలేదు. ర్యాలి వెళ్లావు కదా? జగన్మోహినీ కేశవస్వామి. ఒకే నల్లరాయి. ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక్కి వెళితే మోహిని. ఆ మోహిని వెంట శివుడు పరుగెత్తాడని స్థలపురాణం, ఎదురుగా ఆయనకీ గుడి ఉంది. సర్పవరం తీసుకో, మీ కాకినాడ పక్కనే. గుండంలో మునిగి నారదుడంతటివాడు ఆడదై లేచాడు, కాపురం చేశాడు, ప్రభవ దగ్గర్నుంచి అక్షయ దాకా అరవై మందిని కన్నాడు. ఏటా ఉగాదికి మనం చెప్పుకునే పేర్లు ఆ పిల్లలవే. ఇన్ని కథలు గుళ్లో పెట్టి పూజించే జాతికి ఇంగ్లీషువాడు వచ్చి పాఠం చెప్పాలా?

మేనకోడలు: ఆ రెండు గుళ్లూ నాకిష్టమే. కానీ ఆ కథల్లో ఏం జరుగుతోందో ఒకసారి చూడండి. శివుడు మోహించింది విష్ణువునా, మోహినినా? నారదుడు ఆడదయ్యాకే కదా కాపురం చేశాడు? ఎక్కడ చూసినా ముందు ఒంటిని మార్చారు. ఒళ్లు మారితే మోహం మళ్లీ ఆడా మగా మధ్యదే అవుతుంది, దారి తప్పదు. శిఖండి అయినా, ఇలుడు అయినా అంతే. మగవాడు మగవాడిగానే ఉండి మరో మగవాణ్ణి ప్రేమించిన కథ ఏ గుళ్లో ఉందో చెప్పండి. పైగా సర్పవరంలో నారదుడికి ఆడతనం మాయ, రెండో గుండంలో మునిగి మళ్లీ మగవాడవడం ముక్తి. భీమవరం సంబంధం కుదురుస్తున్న మీకు ఆ కథ బాగానే సాయం చేస్తుంది. ఆ కుర్రాడికి ఏం సాయం చేస్తుంది?

ఇక్కడ ఒక మాట నేను చెప్పాలి. మన పురాణాలను ఈ విషయంలో సాక్ష్యానికి పిలిచేవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. మనది ఎంత ఉదార సంస్కృతో చూడండి అని గర్వంగా ర్యాలి పేరు చెప్పే కుర్రకారునూ విన్నాను. మేనకోడలు పట్టుకున్న సంగతి ఆ రెండు పక్షాలకూ ఇబ్బందే. ఆడా మగా హద్దు దాటడాన్ని మన ఊహ ఎప్పుడో అర్థం చేసుకుంది. హద్దు దాటకుండా మనసు మాత్రమే వేరుగా ఉండటాన్ని అర్థం చేసుకోలేదు. ఇది మన ఒక్కరి సంగతీ కాదు. ఇరాన్‌లో మగవాళ్ల మధ్య సంబంధానికి మరణశిక్ష ఉంది. అదే ఇరాన్‌లో, 1980ల్లో ఖొమైనీ ఇచ్చిన ఫత్వా పుణ్యమా అని, మగవాడు ఆపరేషన్ చేయించుకుని ఆడదిగా మారడం చట్టబద్ధం. మనసు మార్చుకోలేకపోతే ఒళ్లయినా మార్చుకోమని అక్కడ ఎందరినో నెడుతున్నారు.

మావయ్య: నారదుణ్ణి వదిలేద్దాం. శాస్త్రం చూడు. వాత్స్యాయనుడు తృతీయా ప్రకృతి అని ఒక అధ్యాయమే నడిపాడు. సుశ్రుతుడు శారీరస్థానంలో ఇలాంటి స్వభావాలు గర్భంలోనే ఏర్పడతాయని రకాలుగా విడదీసి చెప్పాడు. పుట్టుకతో వచ్చేదాన్ని పాపమనలేదు. మనువు కూడా మగవాడు మగవాడితో పోతే కట్టుబట్టలతో స్నానం చెయ్యమన్నాడు, అంతే. యావజ్జీవ ఖైదు వెయ్యమన్నది ఎవరు? 1860లో పీనల్ కోడ్ పెట్టి 377వ సెక్షన్ రాసినవాళ్లు.

మేనకోడలు: 377 సంగతి మీరన్నదే నిజం. ఆ ముసాయిదా మెకాలేది. వాళ్ల దేశంలోనే 1967 దాకా జైల్లో పెట్టారు, పోతూ పోతూ ఆ సెక్షన్‌ను సగం ప్రపంచానికి వదిలి వెళ్లారు. కాబట్టి పరాయిది ఏదంటే ఆ కుర్రాడి మనసు కాదు, ఆ చట్టం. ఢిల్లీ హైకోర్టు 2009లో పక్కన పెడితే, సుప్రీంకోర్టు 2013లో మళ్లీ తెచ్చి నిలబెట్టింది. 2018 సెప్టెంబరు 6న గాని పోలేదు. కానీ మనువు దగ్గర మీరు ఒక పేజీ తిప్పేశారు మావయ్యా. మగవాడికి స్నానం చాలు. మరి కన్నెపిల్లను మరో స్త్రీ తాకితే?

మావయ్య: ...గుండు. లేదా రెండు వేళ్లు తీసెయ్యడం. గాడిద మీద ఊరేగింపు.

మేనకోడలు: ఎందుకని? ఆ పిల్ల ఇక పెళ్లికి పనికిరాదని. మగవాడి ముచ్చట పెళ్లికి అడ్డం రాదు కనుక స్నానంతో పోయింది. పిల్ల విషయంలో పెళ్లే పోతోంది కనుక వేళ్లు పోయాయి. మన సంస్కృతి కాపలా కాసింది కోరికను కాదు, పెళ్లిని.

మావయ్య: కాయాలి కదా మరి. పెళ్లిని కాయని సమాజం ఎక్కడైనా ఉందా?

మేనకోడలు: ఉండక్కర్లేదు. ఆ కాపలాకి జీతం ఎవరు ఇస్తున్నారో చూడమంటున్నాను. 2003లో గేట్స్ ఫౌండేషన్ ‘ఆవాహన్’ మొదలుపెట్టాక మన కోస్తా జిల్లాల్లో హెచ్ఐవీ పని ఊపందుకుంది. మా పనిలో మొదట తెలిసింది ఏమిటంటే, గే అనే మాట పట్టుకుని వెళితే ఎవరూ దొరకరని. కోఠీలు దొరుకుతారు. నడకలో, చేతుల్లో ఆడతనం ఉన్నవాళ్లు. వాళ్లకి ఒక భాష, ఒక చుట్టరికం, గురువు, అక్క, చెల్లి అన్నీ ఉన్నాయి. వాళ్ల దగ్గరికి వచ్చే మగవాణ్ణి పంథీ అంటారు. ఆ పంథీని మీరు వెళ్లి అడగండి, నేను మగాణ్ణండీ, నాకు పెళ్లాం పిల్లలు ఉన్నారంటాడు. అబద్ధం చెప్పట్లేదు, అతను నిజంగానే తనలో తేడా ఏమీ చూసుకోడు. అందుకే ప్రభుత్వ కార్యక్రమం కూడా మనిషికి పేరు పెట్టకుండా చేసే పని పేరే రాసుకుంది, మగవాళ్లతో సంబంధమున్న మగవాళ్లు అని.

మావయ్య: నేనన్నదీ అదే! వాళ్లకే అక్కర్లేని పేరు నువ్వెందుకు తగిలిస్తావు? సికింద్రాబాద్, హైదరాబాద్ హిజ్రాల మధ్య ఏళ్ల తరబడి తిరిగి గాయత్రీ రెడ్డి పుస్తకం రాసింది, 2005లో వచ్చింది. నువ్వే ఇచ్చావు నాకు. అందులో ఆవిడ ఏం చెప్పింది? వాళ్లకి అన్నిటికన్నా పెద్దది ఇజ్జత్, అంటే పరువు, అని. కోరిక ఒక్కటే పట్టుకుని వాళ్లని చూస్తే వాళ్లు అర్థం కారని. గురువు, చేలా, కులం, మతం, వండుకున్న అన్నం, కట్టుకున్న చీర, అన్నీ కలిస్తే వాళ్ల బతుకు. నువ్వేమో కోరిక ఒక్కటి తీసి మనిషి పేరు దాని మీద పెడతానంటావు.

మేనకోడలు: ఆ పుస్తకం మీద మీతో పేచీ లేదు. గ్రీసు నగరాల్లో వయసునీ హోదానీ చూశారు, ఇడో కాలం జపాన్‌లో సమురాయ్‌కీ శిష్యుడికీ మధ్య అది ఒక మర్యాద కింద నడిచింది. ఎక్కడికక్కడ లెక్క వేరు. మన లెక్క మనదే. నా పేచీ ఆ లెక్కలో ఎవరి పేరు వీధిలో పిలుస్తారన్న దాని మీద. పంథీకి పేరు అక్కర్లేదు. ఇల్లుంది, భార్య ఉంది, గౌరవం ఉంది. బస్టాండులో రాయి తగిలేది కోఠీకి. ఇక ఏమీ తెలియకుండా నా కౌన్సెలింగ్ గదికి వచ్చేది భార్య. కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో బయటపడుతుంది. ఆమె నన్నడిగేది ఒకటే ప్రశ్న: నేనేం చేశానండీ అని. సర్దుకుపోవడం అంటే అది మావయ్యా. మీరు భీమవరం పంపిస్తున్నది అదే.

మావయ్య: అందరికీ జబ్బు రాదు.

మేనకోడలు: రాదు. జబ్బు రాని భార్యలు నా దగ్గరికి రారు, అంతే తేడా. పదేళ్లు ఒక మనిషి పక్కన పడుకుని నాలో ఏ లోపముందో అనుకుంటూ బతికినవాళ్లకి ఏ పరీక్షా లేదు. డాక్టర్ల సంగతి చెప్పనా? 1990 మే 17నే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇలాంటివాళ్లను మార్చేస్తామని వైద్యం చేస్తే అది వృత్తిలో దుష్ప్రవర్తన అని మన నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. అయినా మన ఇళ్లల్లో ఇప్పటికీ వాడే మందు ఒకటుంది, పెళ్లి. మందు చేదంతా మింగేది ఇంకొకరి కూతురు.

మాస్టారు దీనికి వెంటనే జవాబివ్వలేదు. ఇవ్వలేరని నా ఉద్దేశం. సంప్రదాయం తరఫున చెప్పగలిగిన మంచి మాటలు చాలా ఉన్నాయి, ఆయన చెప్పారు, ఇంకా చెబుతారు. భార్య తరఫున మాత్రం సంప్రదాయం దగ్గర మాట లేదు.

మావయ్య: భీమవరం వాళ్లకి నేనే ఫోన్ చేసి చూపులు ఆపిస్తాను. కారణం చెప్పను.

మేనకోడలు: చెప్పకండి. అది చెప్పాలో వద్దో ఆ అబ్బాయి ఇష్టం.

మావయ్య: కానీ దాంతో నీ వాదన గెలిచిందనుకోకు. నా భయం నీకు ఇంకా అర్థం కాలేదు. ఈ ఊళ్లోనే ఒకసారి జరిగింది. వీరేశలింగం గారు నాకు పూజ్యుడు. కానీ భోగం మేళాల మీద ఆయన ఎత్తిన కత్తి ఎక్కడిదాకా తెగిందో చూడు. భోగం కులపు ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని ఆయన ఈసడించాడు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిగా అచ్చు వేయిస్తే మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం గారు పదవిలోకి వచ్చి ఎత్తేసేదాకా అది దొంగచాటు పుస్తకమే. ఇక మురమండ, మండపేట, పెద్దాపురం కళావంతుల ఇళ్లల్లో పాట ఆగిపోయింది, 1947 చట్టంతో పూర్తిగా మూతపడింది. వాళ్లని ఉద్ధరిస్తామన్నవాళ్లు వాళ్లని అడగలేదు. పైవాడి కొలబద్ద తెచ్చి మన బతుకుని కొలిస్తే ఏమవుతుందో మా అమ్మమ్మ తరం చూసింది. ఇప్పుడు హిజ్రా కూడా కలెక్టరు గారి సర్టిఫికెట్ తెచ్చుకోవాలని 2019 చట్టం. గురువు చెప్తే చాలిన చోట గుమాస్తా చెప్పాలి.

మేనకోడలు: ఇది న్యాయమైన భయం. నిజాం పాలనలోనూ అలాంటి చట్టమే ఉండేది, ఫసలీ 1329లో. హిజ్రాల పేర్లు రిజిస్టరు కట్టి, ఆడబట్టలో వీధిలో కనబడితే అరెస్టు చెయ్యొచ్చని. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. వైజయంతీ వసంత మొగ్లి లాంటివాళ్లు వెళ్లి అడిగితే కొట్టేసింది. తేడా అక్కడుంది. కళావంతుల తరఫున ఇంకొకరు మాట్లాడారు. ఇప్పుడు ఎవరి సంగతి వాళ్లే మాట్లాడుతున్నారు.

మావయ్య: మాట్లాడినకొద్దీ పోయేవి కూడా ఉంటాయి. ఆఫ్రికాలో లెసోతో అని చిన్న దేశం. అక్కడ పెళ్లయిన ఆడవాళ్లకి మోత్సోఆలె అని ప్రాణసఖి ఉండేది. మ్ఫో న్తున్యా అనే ఆవిడ తన జీవితకథలో రాసింది, 1996లో అచ్చయింది. ఇద్దరు ఆడవాళ్ల స్నేహానికి ఊరంతా పిలిచి విందు చేశారట. మొగుడు కూడా పక్కనే ఉండి అన్నీ చూసుకున్నాడు. ఎవరికీ అనుమానం లేదు, సిగ్గు లేదు. తర్వాత బయటి ప్రపంచం దానికో పేరు పెట్టింది, పేరుతోపాటు సిగ్గు వచ్చింది, విందులు ఆగాయి. మన పల్లెల్లోనూ ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు టీచరమ్మలను ఎవరైనా ఏమైనా అన్నారా? నువ్వు పేరు పెట్టిన రోజు నుంచీ అంటారు.

మేనకోడలు: లెసోతో కథ చదివితే నాకూ కళ్లు చెమర్చాయి. పేరు వల్ల పోయేది ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ అక్కడా విందు ఎందుకు జరిగింది? ఆ స్నేహం పెళ్లికి అడ్డం రాలేదు కనుక. ఆ ఇద్దరిలో ఒకామె నాకు మొగుడు వద్దు, ఈమెతోనే ఉంటానని ఉంటే? మన టీచరమ్మలను ఎవరూ ఏమీ అనకపోవడం కూడా మర్యాద వల్ల కాదు. ఆడదానికి అలాంటి కోరిక ఉంటుందని ఎవరికీ తోచకపోవడం వల్ల. కోఠీకి కనీసం ఓ వీధి మూల ఉంది, ఓ అక్క ఉంది. ఆడదాన్ని ప్రేమించే ఆడదానికి మన జిల్లాల్లో ఏముంది? 2024 డిసెంబరులో మన హైకోర్టుకి ఒక కేసు వచ్చింది. విజయవాడలో కలిసి బతుకుతున్న ఇద్దరమ్మాయిలు. ఒకమ్మాయిని తండ్రి తీసుకెళ్లి నర్సీపట్నంలో ఇంట్లో పెట్టేశాడు. రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ వేసింది. వాళ్లిద్దరూ మేజర్లు, ఎవరితో ఉండాలో వాళ్లిష్టమని కోర్టు పంపించింది. మీరన్నట్టు ఎవరూ పేరు పెట్టకపోతే ఆ పిటిషన్‌లో ఏమని రాయాలి? స్నేహితురాలు కనబడటం లేదనా? స్నేహితురాలికి తండ్రి మీద ఏ హక్కుంది?

మావయ్య: పేరు కోర్టుకి కావాలంటే సరే. ఇంటికి ఎందుకు?

మేనకోడలు: కోర్టు కూడా ఇంకా మీ దారిలోనే ఉంది మావయ్యా, అది చూడండి. సుప్రియో, అభయ్ అని హైదరాబాద్ జంట. ఇంట్లో పెద్దల ముందు 2021 డిసెంబరులో వేడుక చేసుకుని, చట్టం కూడా ఒప్పుకోవాలని సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2023 అక్టోబరు 17న తీర్పు. వాళ్లకి పెళ్లి హక్కు లేదంది. అదే తీర్పులో, ట్రాన్స్‌జెండర్ మనిషి అయితే ఆడా మగా కింద పెళ్లి చేసుకోవచ్చంది. మన ప్రభుత్వం హిజ్రాలకి నెలకి 4,000 పింఛను ఇస్తోంది, ఇవ్వాలి. మరి రూపం మార్చుకోని ఇద్దరు మగవాళ్ల సంగతి? ఒకడు ఆసుపత్రిలో పడితే రెండోవాడు సంతకం పెట్టగలడా? ర్యాలిలో మీరు చూపించిన రాయి దగ్గరే అందరం ఆగిపోయాం. మోహిని అయితే పక్కన కూర్చోబెడతాం. కేశవుడు కేశవుడిగానే వస్తే లోపలికి రానివ్వం.

మావయ్య: బాగానే అన్నావు. కానీ వీరేశలింగం గారు వితంతువుకి పెళ్లి చెయ్యడానికి పరాశర స్మృతి చూపించాడు. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లో మొదటి పెళ్లి జరిగిందంటే వెనక శ్లోకం ఉంది, కాకినాడ పైడా రామకృష్ణయ్య గారి డబ్బుంది. మన లోపలి నుంచే ఒక ఆధారం తెచ్చాడు కనుక నిలబడింది. నీ దగ్గర ఏముంది? హైకోర్టు, ఢిల్లీ, గేట్స్ గారి డబ్బు.

మేనకోడలు: శ్లోకం ఆయనకి ముందే దొరికిందా, పసిపిల్లలు బోడితలలతో కళ్లముందు తిరుగుతుంటే చూడలేక వెతికితే దొరికిందా? వితంతు వివాహ చట్టం 1856లోనే ఉంది. పాతికేళ్లు ఈ జిల్లాలో ఒక్కడూ దాన్ని ముట్టుకోలేదు. పెళ్లి జరిగాక మాత్రం ఏమైంది? బంధువులు వదిలేశారు, వెలేశారు. శ్లోకం ఉన్నంత మాత్రాన ఎవరూ విస్తరి వెయ్యలేదు.

మావయ్య: అయితే నన్ను వెతకమంటావు.

మేనకోడలు: సంస్కృతం వచ్చింది మీకు. సుశ్రుతుడు పుట్టుకతో అన్నాడని మీరే చెప్పారు, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మావయ్య: దొరక్కపోతే?

మేనకోడలు: దొరక్కపోయినా ఆ హైదరాబాద్ కుర్రాడూ, అతనితో కలిసి బతుకుతున్న అబ్బాయీ నాలుగేళ్లుగా ఉంటున్న ఫ్లాట్‌లోనే ఉంటారు. ఆ రెండో అబ్బాయిది తణుకు. సంక్రాంతికి వాళ్ల ఇంటికీ వెళ్లడు, మనింటికీ రాడు.

మావయ్య: స్నేహితుడిగా రమ్మను. ఎవరొద్దన్నారు?

మేనకోడలు: స్నేహితుడిగా రమ్మంటే రానన్నాడు.

మావయ్య: అలాగైతే ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా. చూపులు ఆపుతానన్నాను, ఆపుతాను. ఇది వేరే సంగతి.